ఉప్పుగాలిలో కనెక్టరు మన్నిక

లాప్‌టాప్‌ను ఒకే తీగతో తెర, కీబోర్డు, డిస్కు మొదలగువానికి కలుపు పెట్టెను డాక్ అందురు. టంకము వేయుట తెలిసిన విద్యార్థులు దీనిని ఇంటనే కూర్చుకొనవచ్చును. ఇట్టి పెట్టెలో తరచుగా ముందు చెడునది లోపలి చిప్పు కాదు. దినమునకు పలుమారులు పెట్టి తీయు కనెక్టరు. డిస్కుపై వ్రాత జరుగుచుండగా అది క్షణకాలము వదులైనను మార్కుల పట్టికలు, పాఠములు పాడైపోవచ్చును.

లోహమునకు లోహము తగిలిన చాలదా? నెమ్మదియైన సంకేతములకు చాలును. వేగము పెరిగిన చాలదు. సంకేతము తీగలో సుమారు కాంతివేగమున మూడింట రెండువంతుల వేగముతో పోవును. సెకండునకు 48 కోట్ల బిట్లను పంపు యు.ఎస్.బి. 2.0లో ఒక్కొక్క బిట్టు తీగవెంట సుమారు 40 సెంటీమీటర్లు ఆక్రమించును. దానికి ఒక సెంటీమీటరు కనెక్టరు లెక్కలోనిది కాదు. సెకండునకు 1,000 కోట్ల బిట్లు పోవునపుడు బిట్టు పొడవు 2 సెంటీమీటర్లే! అప్పుడు కనెక్టరు కూడ తీగలో ఒక భాగమే యగును.

ఉద్దానపు కొబ్బరిపీచు త్రాళ్లతో దీనిని తరగతిలో చూపవచ్చును. సన్నని త్రాటిని లావు త్రాటికి ముడివేసి, బిగించి, ఒక కొనను ఝాడింపుడు. అల ముడిచేరి కొంత ముందునకు సాగును, కొంత వెనుకకు మరలును. యు.ఎస్.బి. తీగలజంట ఇంపెడెన్సు సుమారు 90 ఓములు. కనెక్టరువద్ద అది మారినచో సంకేతము కొంత వెనుదిరిగి తరువాతి బిట్లను చెరచును. కావుననే విడి జంపరు తీగలు, స్క్రూ టెర్మినళ్లు ఇచట పనికిరావు.

ఇక అరుగుదల. ఒకసారి పెట్టి తీయుట ఒక ఆవృత్తి. సాధారణ టైప్-ఎ కనెక్టరుకు 1,500 ఆవృత్తులు, 2014లో వెలువడిన టైప్-సి కనెక్టరుకు 10,000, పెట్టెలోపలి సాటా కనెక్టరుకు 50 మాత్రమే పరిమితులు. దినమునకు నాలుగుసార్లు వాడినచో మొదటిది ఏడాదికి, రెండవది ఏడేండ్లకు, మూడవది రెండు వారములలోపున పరిమితి చేరును. టైప్-సిలో స్ప్రింగులు కేబులు కొనయందే యుండుటచే అరుగుదలలో అధికభాగము సులభముగా మార్చదగిన కేబులుపై పడును.

ఈ లెక్కలు పరీక్షశాలలోనివి. కంచిలి, సోంపేట, పలాస ప్రాంతముల గాలిలో తేమ, ఉప్పు ఉండును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ వంటి తుపానులే కానక్కరలేదు. నిత్యపు సముద్రపు గాలియే చాలును. మేలైన కనెక్టర్లలో నికెలుపై సుమారు 0.75 మైక్రోమీటరు మందమున బంగారుపూత యుండును. పూత మరీ పలుచనైనచో దాని సూక్ష్మరంధ్రములగుండ ఉప్పుతేమ దిగి అడుగు లోహమును తినివేయును. తగరపూత స్వల్పపు కదలికకే ఆక్సైడు పొడియై నిరోధమును పెంచును. బంగారుపూత పిన్నును తగరపూత సాకెట్టుతో జతచేయరాదు.

కావున డాక్ కట్టువారు బోర్డు రంధ్రములలో దిగు లోహపుకాళ్లు గల టైప్-సి సాకెట్టును ఎన్నుకొనవలెను. ఉపరితలమున మాత్రమే అతికినది లాగుటకు ఊడివచ్చును. సాటా డిస్కును ఒకసారి బిగించి కదలనీయరాదు. సాకెట్టుకు మంచిరకపు పొట్టి కేబులును శాశ్వతముగా తగిలించి, దాని చివరనే పెట్టి తీయుచుండవలెను. అరిగినచో ఆ కేబులు మార్చిన చాలును. వాడనపుడు మూత పెట్టవలెను. విద్యుత్తు తీసివేసిన పిదప ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువవచ్చును. గరుకు కాగితముతో రుద్దినచో బంగారుపూత పోవును. అరుగుట తప్పదు, అరుగునది చౌకగా మార్చదగిన భాగమగునట్లు చూచుటయే కూర్పరి నేర్పు.