అర్జీలు పెట్టించు వృత్తి

పామిడి పరిసర గ్రామములలో చదువుకొన్న పడుచువారు కొందఱు ఈ నడుమ మమ్మొక ప్రశ్న యడుగుచున్నారు. వృద్ధులకు పింఛనునకును, రైతులకు సర్కారు సహాయమునకును అర్జీలు పెట్టించుచు ఊరిలోనే జీవింపవచ్చునా యని. జీవింపవచ్చుననియే మా యభిప్రాయము. కాని కాగితము నింపుటయే పని యని తలచి దిగువారు మొదటి యేటనే విసిగిపోవుదురు. వారిని నమ్మినవారు అంతకన్న నెక్కువ చెడుదురు. కావున ఈ పని యెట్టిదో కొంత వివరించుచున్నాము.

ఇది క్రొత్త వృత్తి కాదు. పామిడి గుత్తి తాలూకాలో నుండిన దినములలో, 1884 నాటి వ్యవసాయదారుల ఋణముల చట్టము క్రింద తక్కావి కోరు రైతు అర్జీ వ్రాయించుకొని తాలూకా కచ్చేరికి పోవలసి యుండెను. భూమి లెక్కలు కరణము చేతిలో నుండెను. 1984లో కరణీకము రద్దయినది. 2011లో మీసేవ కేంద్రములును, 2019 అక్టోబరులో గ్రామ సచివాలయములును వచ్చినవి. ఆ 2019లోనే ఏబది యిండ్లకొకరు చొప్పున వాలంటీర్లను నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనముపై నియమించిరి. 2024 తరువాత ఆ యేర్పాటు సాగలేదు. ఇంటికి వచ్చి విచారించువారు లేకపోయిరి. విచారింపవలసిన యవసరము మాత్రము పోలేదు.

మన జిల్లాలో ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ ఊడలు దిగు సమయమున మబ్బు మొగము చాటువేసినచో ఇంటిల్లిపాదియు అప్పులపాలగుదురు. అట్టి యేడు ముసలివారి పింఛనే ఆ యింటికి ఉప్పుపప్పులగును. 2024లో 3,000 నుండి 4,000 రూపాయలకు పెంచిన ఈ పింఛను ఒక యక్షరదోషముచేత ఆగిన యింటివారికి, దోషము చిన్నదని చెప్పి యేమి లాభము?

దోషములలో ముఖ్యమైనవి పేరును, వయస్సును. ఒక అవ్వ పేరు ఆధారు కార్డులో ఒక విధముగను, బ్యాంకు పుస్తకములో మఱియొక విధముగను, పట్టాదారు పుస్తకములో వేఱొక విధముగను ఉన్నదనుకొందము. ఆమె యొక్కతెయే యని ఊరంతయు ఎఱుగును, యంత్రమెఱుగదు. కావున అర్జీకి ముందు అన్ని కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమక్షరము సరిచూడవలయును. ఆధారులో పుట్టిన తేదీని సవరించుకొనుటకు సాధారణముగ ఒక్కమాఱే వీలిత్తురు. తొందరపడి తప్పు తేదీ వ్రాయించినచో ఆ తరువాత దిద్దించుట మిక్కిలి కష్టము. ఈ సంగతి తెలియక సాయము చేయబోయి చెఱుపు చేసినవారు కలరు.

రైతులకు సంబంధించిన పీఎం కిసాన్ సహాయమును చూడుడు. 2019 ఫిబ్రవరిలో ఆరంభమైన ఈ పథకమున ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగ చెల్లింతురు. డబ్బు పడలేదని వచ్చిన రైతుచేత మరల అర్జీ పెట్టించుట తెలివితక్కువ. భూమి యతని పేర నున్నదా, ఈకేవైసీ ముగిసినదా, బ్యాంకు ఖాతాకు ఆధారు కలిసియున్నదా యని మొదట విచారింపవలయును. ఆధారు ఏ ఖాతాకు చివరగ జతపడెనో సొమ్ము ఆ ఖాతాకే పోవును. ఎప్పుడో వేఱొక పనికై తెఱచి మఱచిన ఖాతాలో సొమ్ము చేరియుండుటయు కలదు. తండ్రి మరణించినను భూమి ఆయన పేరనే యున్నచో మొదట పేరు మార్పించుకొనవలయును. కౌలుదారునకు ఈ పథకమున పాలు లేదు. ఆ మాట మొగముమీదనే చెప్పవలయును. రానిదానికి ఆశపెట్టి రుసుము పుచ్చుకొనుట దొంగతనముకన్న వేఱు కాదు.

ఇక రసీదు మాట. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన జిల్లాలోని బండ్లపల్లెయందే ఆరంభమైనది. ఆ 2005 నాటి చట్టము ప్రకారము పని కోరినవానికి తేదీ వేసిన రసీదు ఈయవలసి యుండెను. 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి, మొదటి 30 దినములకు కూలిలో నాల్గవవంతునకు తక్కువ గాకుండ, ఈయవలసి యుండెను. నోటిమాటగ అడిగిన కూలివానికి ఆ పదునైదు దినములు ఎప్పటినుండి లెక్కింతురు? రసీదు లేనిచో హక్కు ఉండియు లేనట్లే. ఏ పథకమునకైనను ఇదియే వర్తించును. అర్జీ సంఖ్య, తేదీ, పుచ్చుకొన్న యుద్యోగి హోదా వ్రాసికొనక కచ్చేరి గడప దాటరాదు.

అర్జీ త్రోసివేసినచో కారణము వ్రాతమూలముగ అడుగుడు. చెప్పనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. 30 దినములలో జవాబీయవలయును. సోమవారములందు జరుగు ప్రజా సమస్యల పరిష్కార వేదికకును పోవచ్చును. నిజమునకు ఈ వృత్తిలో సగము పని అర్జీ పెట్టిన పిమ్మటనే యున్నది.

వృత్తిలో ప్రవేశించుటకు మార్గములు రెండు. కామన్ సర్వీస్ సెంటరు పెట్టుకొనుట మొదటిది. పదునెనిమిది యేండ్లు నిండి, పదవ తరగతి గడచి, కంప్యూటరు తెలిసినవారు ఇందులకు అర్హులు. న్యాయసేవా సంస్థవారి పారాలీగల్ వాలంటీరుగ చేరుట రెండవది. 2009లో ఏర్పడిన ఈ పద్ధతిలో శిక్షణ నిచ్చి, పనిచేసిన దినములకు గౌరవ వేతన మిత్తురు. ఇది జీవనమునకు చాలదు గాని చట్టము తెలియును, కచ్చేరులు పరిచయమగును. రెండవదానితో మొదలుపెట్టి మొదటిదానికి పోవుట మంచిదని మేము తలంతుము.

రుసుము పట్టికను గోడకు అంటింపవలయును. వచ్చిన సహాయములో వాటా పుచ్చుకొనరాదు. పరుల పాసుపుస్తకములు రాత్రి మన యింట నుంచుకొనరాదు. ఓటీపీ అడిగినప్పుడు అది దేనికొఱకో చెప్పియే అడుగవలయును. చదువురాని అవ్వచేత వ్రేలిముద్ర వేయించుటకు ముందు, ఎంత సొమ్ము తీయుచున్నామో బిగ్గరగ చెప్పి, ఆమె నోట మరల చెప్పించుడు.

ఈ పనియందు దిగదలచినవారు ముందుగ తమ యింటివారి కాగితములనే సరిచూచుకొందురు గాక. తల్లి పేరు, తండ్రి వయస్సు, పొలము సర్వే సంఖ్య, ఇవన్నియు కలియుచున్నవో లేవో చూచినచో పని యెట్టిదో తెలియును. ఆ కాగితములు తీసికొని ఏ సాయంకాలమైనను సంఘ కార్యాలయమునకు రండు. కూడ కూర్చుండి చూపెదము.