ఎర్రనీరు, టీ రంగు నీరు: అపోహలు – వాస్తవాలు

జూలైలో ఎగువన వానలు పడి ధవళేశ్వరం దగ్గర గోదారి ఎర్రబడిందంటే కోనసీమలో రెండు కబుర్లు మొదలవుతాయి. ఒకటి పులస గురించి, రెండోది మంచినీళ్ల గురించి. పులస సంగతి చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు కాబట్టి రెండోదానికే వద్దాం.

అపోహ: వరద నీటి ఎరుపంతా నీళ్లలో కరిగిపోయిన మలినమే.

గాజు గ్లాసులతో తేలిపోయే విషయమిది. వరద నీళ్లు ఒక గ్లాసులోనూ, కొబ్బరి డొక్కలు నానిన గుంటలోని నీళ్లు ఇంకో గ్లాసులోనూ పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి మొదటి గ్లాసు అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుని, పైన నీరు తేరుకోవడం మొదలవుతుంది. కాస్త పటిక తిప్పితే ఇంకా తొందరగా తేరుతుంది. రెండో గ్లాసు అడుగున కాస్త పొట్టు చేరుతుంది తప్ప నీటి రంగు విరగదు, టీ డికాషన్‌లా అలాగే ఉంటుంది. డొక్కల్లోంచి ఊరిన టానిన్ల వంటి పదార్థాల రంగు అది. కరిగిన సేంద్రియ కర్బనం అంటే ఇలాంటిదే. ప్రయోగశాలల్లో సాధారణంగా 0.45 మైక్రోమీటర్ల రంధ్రాలున్న వడపోత పొరను దాటిపోయిన సేంద్రియ కర్బనాన్నంతా కరిగినదాని కింద లెక్కేస్తారు. వరద నీళ్లలోనూ అది ఉంటుంది. కాకపోతే ఒండ్రు ఎరుపు ముందు కంటికి ఆనదు.

అపోహ: నీరు తేటగా ఉంటే అందులో ఏమీ లేనట్టే.

ఎగువన ఆనకట్టలు పెరిగాక డెల్టా అంచుకు చేరే ఒండ్రు బాగా తగ్గిందనీ, తీరం కోతకు అదో కారణమనీ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లోనే రాశారు. ఒండ్రయితే జలాశయం అడుగున ఆగిపోయి నీరు తేటపడుతుంది. కరిగిన కర్బనం అలా అడుగుకు దిగదు, నీటితో పాటే వచ్చేస్తుంది. పైగా నిలవ నీటికి ఎండ తగిలితే నాచు పెరిగి తన వంతు కర్బనం తానూ వదులుతుంది. దానికి చెప్పుకోదగ్గ రంగు కూడా ఉండదు.

అపోహ: అడవి నీరు స్వచ్ఛం, ఊరి నీరే మలినం.

పాపికొండల్లోనూ, శబరి, సీలేరు ఒడ్డు అడవుల్లోనూ రాలిన ఆకు వాగుల పక్కనే కుళ్లుతుంది. వానలు మొదలవగానే దాని సారం వాగుల్లోకి దిగుతుంది. ఇందులో కాలుష్యమేమీ లేదు, నీటిలోని సూక్ష్మజీవులకు అదే తిండి. అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నది నల్లగా పారడానికి కారణం కూడా ఇలా కుళ్లిన ఆకు సారమే. మురుగు కాల్వ కర్బనం తీరు వేరు. దాన్ని బాక్టీరియా గబగబా తినేస్తూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, అక్కడ చేపకు ఊపిరాడదు. అందుకే కర్బనం ఎంతుందో చెబితే చాలదు, ఏ రకమో కూడా చెప్పాలి. ఇక గోదావరి ముఖద్వారం దగ్గర వరద రోజుల్లో నీరు మోసుకొచ్చిన కర్బనం కుళ్లడం జోరుగా సాగి కార్బన్ డయాక్సైడ్ పెద్దఎత్తున గాలిలోకి పోతోందని విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించారు. కొండల మీది ఆకు సారమంతా సముద్రం దాకా వెళ్లదన్నమాట.

అపోహ: వాగుల్లో కర్బనం ఏటేటా పెరుగుతోందంటే ఎక్కడో కాలుష్యం పెరిగినట్టే.

నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది ఇదే. బ్రిటన్ కొండ ప్రాంతాల్లో 1988 నుంచి ఎంపిక చేసిన వాగులు, సరస్సుల నీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తున్నారు. మొదటి 15 ఏళ్లలోనే వాటిలో కరిగిన సేంద్రియ కర్బనం సగటున రెట్టింపుకు దగ్గరైంది, నీళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. భూతాపం వల్ల నేలలోని కర్బనం కరిగిపోతోందని 2001లో ఒక వాదన వచ్చింది. 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వ్యాసం యూరప్, ఉత్తర అమెరికాల్లోని వందలాది చోట్ల లెక్కలు కూడగట్టి మరో కారణం చూపింది. బొగ్గు పొగలోని గంధకంతో ఆమ్ల వర్షాలు కురిసిన కాలంలో నేలలోని సేంద్రియ పదార్థం అంత తేలిగ్గా కరగలేదు. గాలి శుభ్రపడి ఆ ఆమ్లం తగ్గాక మళ్లీ కరగసాగింది. అంటే చాలాచోట్ల నీళ్లు పాడవలేదు, తమ పాత రంగుకు మళ్లుతున్నాయి. వేడి, వానల పాత్ర ఎంతన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ కథను తెచ్చి అలాగే గోదారికి అతికిస్తే అదింకో అపోహ అవుతుంది. అక్కడివి సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చల్లని పీట్ నేలలు. ఇక్కడ ఎర్ర నేలలు, నల్లరేగళ్లు, ఏడాది నీటిలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో పారే నది, అడుగడుగునా ఆనకట్టలు. ఒక వరద చూసో, ఒక ఎండాకాలం చూసో తీర్పు చెప్పడం కుదరదు.

అపోహ: క్లోరిన్ ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిది. అసలు కలపకపోతే ఇంకా మంచిది.

రెండూ తప్పే. వేసవిలో కాల్వలు కట్టేశాక అమలాపురం చుట్టుపక్కల ఊళ్లయినా, పి.గన్నవరం అక్విడక్టు మీదుగా నీళ్లు వెళ్లే రాజోలు దీవి అయినా, ముందే నింపుకున్న చెరువుల మీద ఆధారపడాల్సిందే. మే నెలకు అవి పచ్చబడతాయి. నాచు, ఆకులు వదిలిన కర్బనం క్లోరిన్‌ను తినేస్తుంది. ట్యాంకు దగ్గర సరిపడా కలిపినా చివరి వీధి కుళాయికి వచ్చేసరికి మిగిలేది శూన్యం కావచ్చు. పోనీ అని మోతాదు పెంచుకుంటూ పోతే కర్బనంతో కలిసి క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు ఎక్కువ పుడతాయి. ఈ సంగతి 1974లో నెదర్లాండ్స్‌కు చెందిన యోహానెస్ రూక్ బయటపెట్టాడు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వీటికి హద్దులు పెట్టింది, క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. అలాగని క్లోరిన్ మానేస్తే వచ్చే కలరా, విరేచనాల ముప్పు దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. చేయాల్సింది కర్బనాన్ని ముందే తగ్గించడం: గట్టు మీది చెట్ల ఆకు చెరువులో పడకుండా చూడాలి, నాచు తీయించాలి, పటిక పట్టించి వడకట్టాకే క్లోరిన్ కలపాలి. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ కరిగిన కర్బనం ఎక్కడికీ పోదు.

అదే ప్రమాణంలో రంగుకు 5 హేజెన్ యూనిట్లని, వేరే దారి లేకపోతే 15 అని హద్దు ఉంది. కరిగిన సేంద్రియ కర్బనానికి విడిగా గడే లేదు. ఇంటి దగ్గర తేల్చుకోగలిగింది మిగులు క్లోరిన్ ఒక్కటే. పంచాయతీ సిబ్బంది చేసే ఓటీ (ఆర్థోటోలిడిన్) టెస్టు అందుకే: చిన్న గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తేలాలి. మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు కింద చేసిన పరీక్ష చాలదు, చివరి వీధి చివరి కుళాయి దగ్గర చేయమని అడగండి.