మూడో తరగతే అసలు మెట్టు

మార్కుల కాగితం ఒక్కటే చూస్తే చాలదు, పిల్లల చదువు చెవితో వినాలి

శామీర్‌పేట: జూన్ రెండో వారం వచ్చిందంటే మేడ్చల్, శామీర్‌పేట బజార్లలో పుస్తకాల దుకాణాల ముందు నిలబడడానికి చోటుండదు. ఒకటో తరగతిలో చేరే పిల్లలకు కొత్త బట్టలు, కొత్త సంచి, బడి గేటు దగ్గర ఫోటో. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఏడాది పొడవునా పరీక్షల మాటే. ఈ రెంటి నడుమ మూడో తరగతి అనేది ఒకటుందని చాలా ఇళ్లలో ఎవరికీ పట్టదు. "చిన్న తరగతే కదా, ముందు ముందు వాడే నేర్చుకుంటాడు" అని సరిపెట్టుకుంటారు. అనుభవం ఉన్న ఉపాధ్యాయులను అడిగితే మాత్రం చదువు నిలబడేదీ, జారిపోయేదీ ఈ తరగతిలోనే అంటారు.

ఎందుకలా? ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో తరగతి నుంచి చదివి నేర్చుకోవాలి. అంతవరకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు మాత్రమే ఉన్న సంచిలోకి పరిసరాల విజ్ఞానం అనే కొత్త పుస్తకం వస్తుంది. లెక్కల్లో అంకెలతో పాటు మాటల లెక్కలు పెరుగుతాయి. పాఠాల్లో బొమ్మలు తగ్గి, అక్షరాలు ఎక్కువవుతాయి. చదవడం వచ్చిన పిల్లకు ఇదంతా కొత్త సంబరం. రాని పిల్లకు ఒక్క తెలుగులోనే కాదు, అన్ని పుస్తకాల్లోనూ ఒకేసారి చీకటి కమ్ముతుంది.

మా ఇంటి సంగతి

ఇది ఈ విలేఖరి ఎవరో చెప్పగా విన్నది కాదు, సొంత ఇంట్లో చూసింది. పెద్దమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పాఠం గడగడా అప్పజెప్పేది. చదువురాని వాళ్ల నానమ్మ మురిసిపోయి, "మా మనమరాలు పుస్తకం దిక్కు చూడకుండానే చదువుతది" అని వాడకట్టులో అందరికీ చెప్పుకునేది. ఆ మాట పది రోజులు విన్న తర్వాత గాని నాకు అనుమానం రాలేదు.

ఒకరోజు పాఠం పుస్తకం పక్కన పెట్టి, అదే రోజు దినపత్రికలోని ఒక చిన్న శీర్షిక చూపించి చదవమన్నాను. "వర్షా" అనే దగ్గరే ఆగిపోయింది. నా ముఖం చూసింది, వాళ్ల నానమ్మ ముఖం చూసింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్షరాలు వచ్చు, గుణింతాలు కొంతవరకు వచ్చు, వత్తు కనబడితే మాత్రం ముందుకు పోలేదు. తరగతిలో అందరితో కలిసి అంటూ పాఠాలన్నీ కంఠతా పట్టింది. మార్కులు బాగానే వచ్చాయి కనుక ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాలుగక్షరాలు రాసి బతికేవాడి ఇంట్లోనే ఇలా జరిగితే, పొద్దున చీకటితో పనికి పోయి రాత్రికి వచ్చే ఇళ్ల సంగతి చెప్పనవసరం లేదు.

ఏడాది ఆఖరుకు ఏం రావాలి?

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం ఇందుకు స్పష్టమైన కొలత పెట్టింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి, అంతకుముందు చూడని పాఠాన్ని పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాల చొప్పున అర్థం చేసుకుంటూ చదవాలి. 9,999 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. చిన్న చిన్న గుణకారపు లెక్కలు చేయాలి. 2026-27 నాటికి దేశంలోని పిల్లలందరినీ ఇక్కడికి చేర్చాలన్నది ఆ పథకం పెట్టుకున్న గడువు. మన రాష్ట్రంలో ఇదే ఉద్దేశంతో 2022 ఆగస్టులో ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు 'తొలిమెట్టు' కార్యక్రమం మొదలైంది.

అలాగని తల్లిదండ్రులు గడియారం పట్టుకుని కూర్చుని పిల్లలను కంగారు పెట్టనవసరం లేదు. తెలుగులో ఒక్కో మాట పొడుగు. ఆగకుండా చదువుతున్నదా, చదివింది తన మాటల్లో చెబుతున్నదా అన్నదే ముఖ్యం.

దేశంలో పరిస్థితి ఏమిటో 2024 'అసర్' నివేదిక చెబుతున్నది. గ్రామాల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే వారిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 23.4 మంది. తీసివేత లెక్క చేయగలిగినవారు 27.6 మంది. కరోనా వల్ల బడులు మూతబడిన తర్వాత 2022లో చదవగలిగినవారు 16.3 మందే ఉండేవారు. అప్పటితో పోలిస్తే మెరుగే. అయినా నలుగురిలో ముగ్గురు పిల్లలు ఇంకా గడపకు అవతలే ఉన్నారన్నమాట.

బడిలో ఆపరు, చదువు ఆగుతుంది

వెనకటి రోజుల్లో చదువు రాకపోతే అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టేవారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ పద్ధతి తీసేసింది. తర్వాత 2019లో చేసిన సవరణ కూడా ఐదు, ఎనిమిది తరగతులకే పరిమితం. మూడో తరగతి పిల్లవాడు చదువు వచ్చినా, రాకపోయినా నాలుగులోకి పోతాడు. పసివాళ్లకు తప్పినవాడనే ముద్ర పడకపోవడం మంచిదే. కాని వెనకబడ్డ సంగతి ఇంట్లో తెలిసే దారి కూడా దాంతో మూసుకుపోయింది. అందుకే ఆ కబురు బడి నుంచి వచ్చేదాకా ఎదురుచూడకుండా తల్లిదండ్రులే తెలుసుకోవాలి.

అన్నీ సార్ల మీద వేయడం కూడా న్యాయం కాదు. చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రం ఐదు. అంటే చిన్న ఊళ్లలో ఒకే గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిసి కూర్చుంటాయి. సారు ఐదో తరగతికి లెక్క చెబుతున్నంతసేపు మూడో తరగతి పిల్లలు పుస్తకంలోది చూసి రాసుకుంటూ ఉంటారు. చూసి రాయడం చదవడం కాదు. నోటు పుస్తకం నిండా ముత్యాల్లాంటి అక్షరాలు ఉన్నాయని మురిసిపోతే మోసపోయినట్టే.

ఇంగ్లీషు పుస్తకం, తెలుగు నోరు

2022-23 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా అచ్చువేశారు. ఇది తల్లిదండ్రులకు మంచి అవకాశం. ఇంగ్లీషు రాని తల్లి కూడా తెలుగు పేజీ పట్టుకుని పాఠంలో ఏమున్నదో తెలుసుకోవచ్చు, బిడ్డను ప్రశ్న అడగవచ్చు. ప్రైవేటు బడులకు పంపేవారు తెలుగు ఎందుకులే అనుకోరాదు. 2018లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఏ సిలబస్ బడి అయినా తెలుగు బోధించవలసిందే. ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం కుదిరిన పిల్లకు రెండో భాష తొందరగా పట్టుబడుతుంది.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో మరో ఇబ్బంది ఉన్నది. ఫ్యాక్టరీలు, కోళ్లఫారాలు, ఇటుక బట్టీలు, కొత్త కట్టడాల్లో పనికి బీహార్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి కుటుంబాలు వస్తున్నాయి. ఆ పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో మరో రెండు. తండాల పిల్లలదీ దాదాపు అదే పరిస్థితి. పని ముగియగానే కుటుంబం మరో చోటికి పోతే చదువు నడుమ తెగుతుంది. ఇలాంటివారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బడి మారేటప్పుడు టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతున్నది. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపడానికి వీల్లేదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి.

లెక్కల్లో తప్పు ఎక్కడ?

52లో నుంచి 38 తీసివేయమంటే చాలామంది పిల్లలు 26 అని రాస్తారు. రెండులో నుంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలో నుంచే రెండు తీసేస్తారు. కొట్టేసి సున్నా వేయడం కంటే, ఒక పది రూపాయల నోటు ఇచ్చి చిల్లర చేయించండి. పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవడం అంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది, 14 దానంతట అదే వస్తుంది. అలాగే నాలుగు వేల ఏడు రాయమంటే 40007 అని రాస్తే అది అజాగ్రత్త కాదు, స్థానాలు తెలియకపోవడం.

ఎక్కాలు రావాలి, కాని వట్టి పాటగా వస్తే చాలదు. మన దగ్గర కోళ్లఫారాలకు కొదవ లేదు. ఒక ట్రేలో 30 గుడ్లుంటే నాలుగు ట్రేలలో ఎన్ని? దినానికి రెండు పాల ప్యాకెట్లయితే వారానికి ఎన్ని? కిరాణా కొట్లో 32 రూపాయల సామాను కొని 50 నోటు ఇస్తే తిరిగి ఎంత రావాలి? మూడో తరగతి లెక్కల్లో చాలా భాగం ఈ ప్రశ్నల్లోనే ఉన్నది.

పరిసరాల విజ్ఞానానికి మన ఊరే పుస్తకం. శామీర్‌పేట పెద్దచెరువులోకి నీళ్లు ఎటు నుంచి వస్తాయి? మేడ్చల్ స్టేషన్ ఇంటికి ఏ దిక్కున ఉన్నది? ఇప్పుడు ప్లాట్లు, కాంపౌండు గోడలు ఉన్న చాలాచోట్ల ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఉండేవని తాతలకు తెలుసు. ఆ కథ మనవలకు చెబితే అదీ పాఠమే.

పిల్లల్లో వచ్చే మార్పు

ఎనిమిదేళ్ల వయసులో ఎవరికి చదువు వస్తుంది, ఎవరికి రాదు అన్నది పిల్లలు తామే పోల్చుకోవడం మొదలుపెడతారు. రాని పిల్లలు దాచుకోవడం నేర్చుకుంటారు. బడి టైముకు కడుపునొప్పి అనడం, పుస్తకం మరిచిపోవడం, వెనక బెంచీకి జరగడం అన్నీ మొండితనం కాకపోవచ్చు. తిట్టేముందు ఒక పేజీ చదివించి చూడాలి. బోర్డు మీది అక్షరాలు కనిపించక కూడా వెనకబడవచ్చు. కళ్లు చికిలించి చూస్తుంటే ముందు వరుసలో కూర్చోబెట్టమని సారుకు చెప్పి, కంటి పరీక్ష చేయించాలి.

హోంవర్కు ఎక్కువ ఇస్తేనే మంచి బడి అనుకోవడం పొరపాటు. కేంద్రం 2020లో ప్రకటించిన బడిసంచి విధానం ప్రకారం మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు హోంవర్కు వారానికి రెండు గంటలు మించరాదు. సంచి బరువు రెండున్నర కిలోలు దాటరాదు. ఇంటి దగ్గర తూకం వేసి చూస్తే తెలుస్తుంది.

దసరాలోగా తెలుసుకోండి

జూన్‌లో మొదలైన బడి ఏప్రిల్ నాలుగో వారంలో ముగుస్తుంది. నడుమ దసరా సెలవులు సుమారు రెండు వారాలు. ఆ సెలవుల్లోగా పిల్లల చదువు ఎక్కడున్నదో తెలుసుకుంటే ఇంకా ఆరు నెలల సమయం చేతిలో ఉంటుంది. ఏప్రిల్‌లో తెలుసుకుంటే సమయం మించిపోతుంది.

తల్లిదండ్రులు చేయవలసింది పెద్దదేమీ కాదు. రోజుకు పావుగంట. పాఠం పుస్తకం కాకుండా ఇంటికి వచ్చిన పెళ్లి పత్రిక, బస్సు బోర్డు, విత్తనాల ప్యాకెట్, దినపత్రిక శీర్షిక ఏదైనా చదివించండి. చదువురాని తల్లయినా సరే, "ఏమున్నది బిడ్డా అందులో?" అని అడగవచ్చు. ఆగకుండా చదివి, అడిగినదానికి జవాబు చెబితే సంతోషం. తడబడితే కోపగించకుండా మర్నాడే సారును కలవండి. ఎన్ని మార్కులని కాదు, ఏది చదవలేకపోతున్నదని అడగండి. బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంటే అక్కడ కూడా ఈ మాట ఎత్తండి. గోడలకు సున్నం, బాత్రూములకు తలుపులు ఎంత అవసరమో, మూడో తరగతి పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అన్నది అంతకంటే ఎక్కువ అవసరం.

మా అమ్మాయికి ఆ సాయంత్రం నుంచి రోజూ ఒక్క శీర్షిక చదివించాం. మొదట వారానికి మూడు వత్తులు చొప్పున మాత్రమే నేర్పాం. దసరాకు కూడబలుక్కుంటూ చదివింది. సంక్రాంతికి బండి మీద మేడ్చల్ పోతుంటే, దారి పొడవునా దుకాణాల బోర్డులన్నీ గట్టిగా చదువుతూ నన్ను మాట్లాడనివ్వలేదు. ఇంటికి వచ్చి వాళ్ల నానమ్మకు పింఛను కాగితం కూడా చదివి పెట్టింది. ఈసారి పుస్తకం దిక్కు చూస్తూనే చదివింది.