గ్రాఫిక్స్ కార్డు: చిప్ ఒకటే అయినప్పుడు బ్రాండుతో పనేంటి?

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 కార్డు కొనాలని వెతికితే అసూస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జోటాక్ అంటూ ఎన్నో పేర్లు కనిపిస్తాయి. ధరల్లో వేల రూపాయల తేడా ఉంటుంది. మరి ఎక్కువ డబ్బు పెడితే గేమ్ అంత వేగంగా నడుస్తుందా?

పెద్దగా నడవదు. అన్నింటిలోనూ ఉండేది ఒకటే చిప్. దాన్ని ఎన్విడియా డిజైన్ చేస్తే, తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ తయారు చేస్తుంది. మిగతా కంపెనీలు ఆ చిప్‌కు బోర్డు, హీట్‌సింక్, ఫ్యాన్లు జోడించి తమ పేరుతో అమ్ముతాయి. ‘ఓసీ’ మోడళ్లలో చిప్ వేగాన్ని ముందే కాస్త పెంచుతారు. దానివల్ల అదనంగా దక్కేది సాధారణంగా కొద్ది శాతమే.

అసలు తేడా వేడి, చప్పుడు, వారంటీలో ఉంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో చిన్న హీట్‌సింక్ ఉన్న కార్డు ఫ్యాన్లు హోరెత్తుతాయి. ఒకే బ్రాండులోనూ చవక మోడల్‌కూ ఖరీదైన మోడల్‌కూ ఈ తేడా ఉంటుంది. కాబట్టి బ్రాండు పేరు కాదు, ఆ మోడల్ సమీక్ష చూడాలి.

వారంటీ ఎన్నేళ్లో, భారత్‌లో వర్తిస్తుందో లేదో, సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. విదేశాల నుంచి బంధువులు తెచ్చే కార్డుల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఖరీదైన 4060 ధర చవకైన 4060 టీఐ దగ్గరకు వస్తే, వేగం కోరుకునేవారికి రెండోదే మేలు. బ్రాండు మారితే చప్పుడు తగ్గవచ్చు. వేగం పెరగాలంటే చిప్పే మారాలి.