బావి త్రవ్వుటకు ముందు - భూమిలోని అలలు చెప్పు సంగతి

బావి త్రవ్వించినను, బోరు వేయించినను ఖర్చు ముందు, నీరు తరువాత. నేల లోపల ఏమున్నదో త్రవ్వకమునుపే కొంత తెలిసికొను ఉపాయము భూకంపముల పరిశీలన వలన మనకు లభించినది.

భూకంపము వచ్చినపుడు రెండు విధములైన అలలు భూమి లోపలినుండి పయనించును. బారుగా నిలిచిన గొర్రెలలో వెనుకదానిని త్రోసినచో ఆ త్రోపు ముందుదానివరకు ప్రాకును. మొదటి అల ఇట్టిది. వేగముగా పోయి ముందు చేరును. మోకును ఒక కొన పట్టి విదిలించినపుడు అది అడ్డముగా ఊగును. రెండవ అల ఇట్టిది, నెమ్మదిగా వచ్చును. ఇది గట్టి పదార్థములలోనే సాగును, ద్రవములో సాగజాలదు.

1897 అస్సాం భూకంపమును పరిశీలించిన భారత భూవిజ్ఞాన సర్వే అధికారి రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఈ అలలను వేరువేరుగా గుర్తించెను. అవి దూరదేశములకు చేరిన కాలములను లెక్కించి, భూమి నడుమ వేరొక గర్భము కలదని 1906లో తెలిపెను. అది సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలగును. రెండవ అల దానిలో సాగకపోవుటచే, దాని పైభాగము ద్రవమని తరువాత తేలినది. అచ్చటికి ఏ మనిషియు పోలేదు; అలలు తెచ్చిన వార్తయే ఇది.

పొలములోను ఇదే సూత్రము. ఉక్కు పలకను నేలపై ఉంచి సమ్మెటతో కొట్టుదురు. వరుసగా నాటిన చిన్న యంత్రములు అల ఎంతసేపటికి చేరినదో తెలుపును. వదులు మట్టిలో అల సెకనుకు కొన్ని వందల మీటర్లు, గట్టి గ్రానైటులో సుమారు 5,000 మీటర్లు పోవును. దుక్కి చేనికి అడ్డముపడి నడచువానికంటె, చుట్టు తిరిగియైనను మంచి బాట పట్టినవాడు ముందు చేరును గదా! అట్లే దూరపు యంత్రమునకు, రాతివరకు దిగి, రాతి వెంబడి పోయి, పైకి వచ్చిన అలయే ముందు చేరును. ఎంత దూరమునుండి ఇట్లు జరుగుచున్నదో చూచి, రాయి ఎంత లోతున గలదో లెక్క కట్టుదురు.

తెలంగాణ, రాయలసీమలలో గట్టిరాతి నేలలు ఎక్కువ. అచ్చట నీరుండునది రాతిపైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్లలోను. ఆ పొర మందముగా నున్న చోటు బావికి అనుకూలము.

అయితే ఒక హెచ్చరిక. అల రాతి లోతును చెప్పును గాని, నీరున్నదని నిశ్చయముగా చెప్పదు. నీటితో నిండిన మట్టిలోను, నీరులేని శిథిల శిలలోను దాని వేగము ఇంచుమించు సమానముగా ఉండవచ్చును. కావున విద్యుత్ నిరోధ పరీక్షను, చుట్టుప్రక్కల బావుల నీటిమట్టమును గూడ కలిపి చూడవలెను. నీరుపడని బోరుకు చేసిన అప్పును తీర్చుటకు పంట రాదు. త్రవ్వుటకు ముందే భూగర్భజల శాఖవారిని సంప్రదింపుడు.