గొట్టము లోపలి త్రుప్పు

తెనాలినుండి రేపల్లె వైపు గాని, బాపట్ల వైపు గాని పోవుకొలది సముద్రము దగ్గరపడును. ఆ ప్రాంతమున కిటికీ ఊచలు, బోరు పంపులు, సైకిలు గొలుసులు త్వరగా త్రుప్పు పట్టుట అందరు ఎరిగినదే. గాలిలోని ఆమ్లజని, తేమ, ఉప్పు మూడును కలిసి ఇనుమును తినివేయును. రంగు పూసి గాలి తగులకుండ చేసినచో ఈ బాధ చాలవరకు తగ్గును.

అయితే గాలి చొరబడుటకు సందు లేని గొట్టము లోపల కూడ ఉక్కు క్షయించుట కలదు. భూగర్భమునుండి తీసిన సహజవాయువును మోయు గొట్టములలో ఇది జరుగును. అచ్చట దోషి ఆమ్లజని కాదు. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు.

గోలీసోడా త్రాగినవారికి ఈ వాయువు క్రొత్త కాదు. నీటిలో కరగినప్పుడు ఇది కొంతవరకు కార్బోనిక్ ఆమ్లముగ మారును. సోడాకు గల పులుపు దానిదే. పొడిగా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఉక్కునేమియు చేయదు. గొట్టములో నీరు చేరినప్పుడే అది ఆమ్లమై ఇనుముతో కలియును. అప్పుడు ఉదజని వెలువడి, ఇనుప కార్బొనేటు మిగులును.

కార్బోనిక్ ఆమ్లము దుర్బలమైనదే. కాని ఒకే పులుపు గల రెండు ద్రావణములను పోల్చినచో, ఉక్కును ఎక్కువగా తినునది హైడ్రోక్లోరిక్ ఆమ్లము కాక ఇదియే. కారణమేమన, దీనిలో విడివడని ఆమ్లము గాదెలోని ధాన్యమువలె నిలువయుండును. పనిలో ఖర్చయిన ఉదజని అయానుల స్థానమును ఆ నిలువ వెంటనే పూరించుచుండును.

వాయువు పీడనము పెరిగినకొలది ప్రమాదము పెరుగును. 100 వాతావరణముల పీడనము గల వాయువులో నూటికి 2 వంతులు కార్బన్ డయాక్సైడు ఉన్నచో, దాని పాలు 2 వాతావరణములు. ఆ పాలు అర వాతావరణమునకు లోబడియున్న భయము తక్కువ. రెండు దాటినచో క్షయము తీవ్రము కాగలదని ఇంజనీర్ల పాతలెక్క.

క్షయమునుండి పుట్టిన ఇనుప కార్బొనేటే ఒక్కొక్కప్పుడు ఉక్కుకు కవచమగును. సుమారు 60 నుండి 80 సెంటిగ్రేడు డిగ్రీల వేడి దాటినప్పుడు ఆ పొర దట్టముగ అంటుకొనును. అంతకు తక్కువ వేడిలో అది వదులుగ నుండి ప్రవాహమునకు ఊడిపోవును. పొర ఊడినచోట గుంటలు పడును. నీరు అడుగున నిలుచును గనుక గొట్టపు అడుగుభాగమే ముందు పలుచబడును.

ఏ ఉక్కు ఎంత నిలుచునో తెలిసికొను పద్ధతి సులభమే. ఉక్కు బిళ్లను తూచి, కార్బన్ డయాక్సైడు నింపిన ఉప్పునీటిలో కొన్ని దినములుంచి, శుభ్రపరచి మరల తూచెదరు. తగ్గిన బరువునుండి సంవత్సరమునకు ఎన్ని మిల్లీమీటర్లు తరుగునో లెక్క తేలును. ఉక్కులో కొద్దిగ క్రోమియము కలిపినచో తరుగుదల తగ్గును. నూటికి 13 వంతులున్నచో ఇంకను బాగుగ నిలుచును. కాని దాని ధర అధికము, అతుకుటయు కష్టము. కావున బావులలోని గొట్టములకే దానిని ఎక్కువగా వాడి, దూరపు గొట్టములకు సాధారణపు ఉక్కునే వాడుదురు. వాయువును గ్లైకాలుతో ఆరబెట్టుట, క్షయనిరోధకములను కలుపుట, లోపల పరికరములను నడిపి నీటిని నెట్టివేసి గోడ మందమును కొలుచుట అనునవి దానిని కాపాడు పద్ధతులు. గొట్టముపై పూసిన పూత, భూమిలో ఇచ్చు విద్యుద్రక్షణ బయటి త్రుప్పును మాత్రమే ఆపును.

ఈ జాగ్రత్తల విలువ కోనసీమ ఎరుగును. 2014 జూన్ 27న తెల్లవారుజామున, తాటిపాకనుండి కొండపల్లికి పోవు 18 అంగుళముల గెయిల్ గొట్టము నగరం గ్రామమున పగిలెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరితోటలు కాలిపోయెను. పొడి వాయువు కొరకు నిర్మించిన గొట్టములో తేమతోకూడిన వాయువు నడచుటచే లోపల క్షయము కలిగినదని ప్రభుత్వ విచారణలో తేలెను.

బాపట్లలో ఊచకు పట్టిన త్రుప్పు కంటికి కనబడును. ఇంటివారు రంగు పూయుదురు. భూమిలోని గొట్టము లోపలి త్రుప్పు ఎవరికిని కనబడదు. అందుచేతనే దానిని కొలుచుచుండవలెను. గొట్టములోనికి నీరు పోనీయరాదు.