రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు

ఇరవై అడుగుల పడవ. కింద నిలకడలేని నీరు. గాలపు దారం చివర, లాగుతున్న మనిషికి ఏమాత్రం తీసిపోని బలంతో గుంజుకుపోతున్న చేప. ఒక చేయి కర్రను బిగించి పట్టుకున్నది. రెండవ చేయి రీలును చుట్టుతున్నది. సరిగ్గా ఆ క్షణంలో ఒక అల వచ్చి పడవను ఒక పక్కకు ఒరగదీస్తే, ఆ మనిషిని నీటిలో పడకుండా ఆపేది ఏమిటి?

అతని తొడ! పడవ అంచుకు తొడను గట్టిగా ఆనించి నిలబడటమే అతనికి ఉన్న ఏకైక ఆధారం. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు పడవ అంచే అతనికి మూడవ చేయి.

వినోదం కోసం సముద్రపు చేపల వేట సాగించే అమెరికాలో, పడవ వెనుక భాగాన మనుషులు నిలబడి గాలం వేసే పల్లపు చోటును కాక్‌పిట్ అంటారు. దాని లోపలి అంచు పొడవునా సన్నని దిండువంటి మెత్తను బిగిస్తారు. దానికి బోల్స్టర్ అని పేరు. చూసేవారికి అది సుఖం కోసం చేసిన అలంకారంగా తోచవచ్చు. కాని దాని ప్రయోజనం వేరు. గట్టి ఫైబర్‌గ్లాసు అంచుకు గంటల తరబడి తొడను ఆనిస్తే చర్మం కమిలిపోతుంది. నొప్పి పుట్టిన మనిషి తెలియకుండానే ఒక అడుగు వెనుకకు జరుగుతాడు. ఆ ఒక్క అడుగుతో అతని ఆధారం పోతుంది. మెత్త చేసే పని ఏమంటే, మనిషిని అంచు దగ్గరే నిలిపి ఉంచడం.

అయితే ఎత్తు సరిగా లేని అంచుకు ఎంత మెత్త వేసినా ప్రయోజనం లేదు. నిలబడిన మనిషి శరీరభారానికి కేంద్రం ఇంచుమించు బొడ్డు ప్రాంతంలో ఉంటుంది. అంచు మోకాలి దగ్గర ఉంటే అది మనిషిని ఆపదు సరికదా, కాలికి తగిలి బయటికి పడదోస్తుంది. తొడ మధ్య భాగానికైనా అంచు అందాలి. అంచు కింద పాదాల వేళ్ళు దూరేందుకు కొంత ఖాళీ ఉండాలి. రెండు మూడు అంగుళాల మెత్త వేసినప్పుడు మనిషి అంతమేర లోపలికి జరుగుతాడు. కనుక కొత్త మెత్త కొలతలు తీసేటప్పుడు పాదాల చోటును కూడా సరిచూసుకోవాలి.

నీటిలో పడటం చిన్న సంగతి కాదు. నడిపేవాడే పడిపోతే పడవ అతన్ని వదిలి ముందుకు సాగిపోతుంది. లేదా గుండ్రంగా తిరిగి వచ్చి అతన్నే ఢీకొంటుంది. ఈ కారణంచేతనే, 26 అడుగులకు లోపు మోటారు పడవలను వేగంగా నడిపేవారు ఇంజను ఆపే మీటకు తమను తాడుతోగాని, అటువంటి మరొక సాధనంతోగాని అనుసంధానించుకోవాలన్న నిబంధన అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

పాత మెత్తను మార్చదలచినవారు మొదట గమనించవలసినది పైకి కనిపించే తొడుగును కాదు, దాని వెనుక దాగి ఉన్నదాన్ని. ఎండకు వినైలు తొడుగు పెళుసెక్కి పగులుతుంది. అంతకు ముందే కుట్లు తెగుతాయి. నైలాను దారం కంటె పాలియెస్టరు దారం ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. తెగిన కుట్ల గుండా నీరు లోపలికి దిగుతుంది. లోపల ఉన్నది పరుపులలో వాడే సాధారణ స్పాంజి అయితే ఆ నీటిని పీల్చి దాచుకుంటుంది. దాని వెనుక ప్లైవుడ్ పలక కుళ్ళుతుంది. పైకి మెత్త నిండుగానే కనిపిస్తుంది. బరువు మోపిన నాడు మేకులతో సహా ఊడి చేతికి వస్తుంది.

అందుచేత కొత్త మెత్తకు, గాలి అరలు ఒకదానికొకటి కలవని, నీరు పీల్చని ఫోమును ఎంచుకోవాలి. వెనుక పలకకు ప్లైవుడ్ బదులు చెక్కవలె కోసుకోదగిన దట్టమైన ప్లాస్టిక్ పలకను వాడవచ్చు. తొడుగు అడుగున నీరు జారిపోయేందుకు చిన్న రంధ్రాలు ఉంచాలి.

ఇక మేకుల విషయం. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని మనకొక నమ్మకం. అది సగమే నిజం. ఆ లోహంలోని క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కంటికి కానరాని పలుచని పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. తడిసిన మెత్త కింద ప్రాణవాయువు అందదు. పొర దెబ్బతింటుంది. ఉప్పునీరు లోహాన్ని గుట్టుగా తినివేస్తుంది. 304 రకం కంటె, మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పును మెరుగుగా తట్టుకుంటుంది. అయినా దానికీ హద్దు ఉన్నది.

మేకు దిగిన రంధ్రం కూడా నీటికి దారే. అనేక ఫైబర్‌గ్లాసు పడవల గోడలలో రెండు పొరల నడుమ తేలిక చెక్క ఉంటుంది. నీరు అక్కడికి చేరితే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా కుళ్ళు వ్యాపిస్తుంది. కాబట్టి రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన పిమ్మట మళ్ళీ సన్నగా తొలచడం మంచి పద్ధతి. తాడు కట్టే క్లీటును, గాలపు కర్రను నిలిపే గొట్టాన్ని పైనుండి మేకులతో బిగించి ఊరుకోరాదు. అడ్డంగా బోల్టు దూర్చి, వెనుక వెడల్పైన పలక వేసి బిగించాలి. అప్పుడు లాగుడు ఒక్క బిందువు మీద కాక, పలక మేరకు పరుచుకుంటుంది.

నీరు పోయే తూములను అందరూ చివరకు తలచుకుంటారు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల కాక్‌పిట్‌లో పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే దాని బరువు 400 కిలోలు. ఆరుగురు మనుషులను ఎక్కించుకున్నట్లే! పైగా ఈ ఆరుగురూ పడవ ఏ వైపు ఒరిగితే ఆ వైపుకే పరుగెత్తుతారు. కొత్త మెత్తగాని, తివాచీగాని తూముకు అడ్డు రాకుండా చూడటం ఎంత ముఖ్యమో దీనినిబట్టి తెలుస్తుంది.

పడవను పనికి తగినట్లు మలచుకోవడం కొత్త కాదు. అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే 1934లో బ్రూక్లిన్‌లోని వీలర్ సంస్థ వద్ద ‘పిలార్’ అనే 38 అడుగుల పడవను చేయించుకున్నాడు. పెద్ద చేపలను సులువుగా లోపలికి లాగేందుకు దాని వెనుక గోడను 12 అంగుళాలు తగ్గించి, పైన కొయ్య రోలరును అమర్చారు.

మెత్తల చరిత్రలో మనకు పరిచితమైన వస్తువొకటి ఉన్నది. అది బూరుగు దూది. మైనంవంటి పూత గల ఈ దూది పోగులు బోలుగా ఉండి నీటిని త్వరగా పీల్చవు. కృత్రిమ ఫోములు రాకముందు ప్రాణరక్షక కవచాలలోను, నీటిపై తేలే దిండ్లలోను దీనినే కూరేవారు. తొడుగు చిరిగితే మాత్రం కాలక్రమాన తడిసి బరువెక్కేది.

మన తీరంలో వేట జీవనాధారం. 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు ఈడ్చుకొనదగిన చిన్న పడవల రూపకల్పనపై కృషి చేసింది. నేడు కాకినాడ, విశాఖ తీరాలలోనూ ఫైబర్‌గ్లాసు పడవలు సాధారణం. వల లాగే మత్స్యకారునికి కూడా రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఖరీదైన బోల్స్టరు అతనికి అవసరం కాకపోవచ్చు. కాని తగిన ఎత్తున అంచు, దానిపై నీరు పీల్చని ఫోము పట్టీ, పాదం జారని నేల, మూసుకుపోని తూము అతనికీ కావలసినవే.

పరీక్ష సులభం. పడవ ఒడ్డున ఉండగా మెత్తకు తొడ ఆనించి పూర్తి బరువు మోపండి. క్లీటును ఒంటి బలమంతా ఉపయోగించి గుంజండి. నేల మీద ఒక బకెట్టు నీరు కుమ్మరించి అది ఎటు పోతుందో చూడండి. ఊడిపోయేది ఏదైనా ఉంటే ఒడ్డునే ఊడిపోవడం మేలు.